విమానం వై-ఫైకి దొడ్డిదారి

హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లే విమానంలో సీటు బెల్టు లైటు ఆరిపోగానే చాలామంది ఫోన్ తీసి వై-ఫై వెతుకుతారు. పేరు కనబడుతుంది, నొక్కితే కలుస్తుంది, సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. వాట్సాప్ మాత్రం కదలదు. యూట్యూబ్ తెరుచుకోదు. దానికి బదులు ఒక పేజీ ఊడిపడుతుంది: గంటకింత, ప్రయాణమంతటికీ ఇంత, కార్డు నంబరు కొట్టండి.

డబ్బు కడితే నెట్, లేకపోతే లేదు. ఇది అందరికీ తెలిసిందే. అయితే డబ్బు కట్టని ఫోన్‌కి కూడా ఆ నెట్‌వర్క్ కొన్ని ప్రశ్నలకు జవాబు ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే డబ్బు కట్టించుకునే పేజీని కూడా చూపించలేదు. విమానం వై-ఫైని ఏమార్చడానికి ప్రోగ్రామర్లు సరదాకో కక్కుర్తికో కనిపెట్టిన పద్ధతులు దాదాపు అన్నీ ఈ ఒక్క ఇబ్బందిని ఆసరా చేసుకున్నవే.

ఫోన్ వై-ఫైకి కలిసిన క్షణంలో మనకు తెలియకుండా ఒక చిన్న పరీక్ష జరుగుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే గూగుల్ సర్వర్‌ని ఒక ఖాళీ పేజీ అడుగుతుంది. అక్కడి నుంచి 204 అనే సంకేతం రావాలి. అడిగింది అందింది, పంపడానికి ఏమీ లేదు అని దాని అర్థం. ఐఫోన్ ఆపిల్ సర్వర్‌ని అడుగుతుంది, 'సక్సెస్' అన్న ఒక్క మాట ఉన్న పేజీ కోసం చూస్తుంది. విమానంలోని సర్వర్ ఈ ప్రశ్నను దారిలోనే పట్టుకుని తన పేజీ వైపు మళ్లిస్తుంది. రావాల్సిన జవాబు రాలేదు కాబట్టి ఇక్కడేదో గేటు ఉందని ఫోన్ గ్రహించి, ఆ పేజీని మన ముందు పెడుతుంది. సాంకేతిక భాషలో దీని పేరు క్యాప్టివ్ పోర్టల్. రైల్వే స్టేషన్లో, హోటల్లో, ఆస్పత్రి లాబీలో మొబైల్ నంబరు అడిగే పేజీ కూడా ఇదే. అక్కడ విసుగొస్తే వై-ఫై ఆపేసి సొంత డేటా వాడుకోవచ్చు. 11 వేల మీటర్ల ఎత్తున ఆ వీలు లేదు.

పైగా మనవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. కార్డు నంబరు కొట్టాక బ్యాంకు ఓటీపీ అడిగిందనుకోండి. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంటే ఎస్సెమ్మెస్ ఎలా వస్తుంది? చేతిలో డబ్బుండి కూడా కట్టలేని పరిస్థితి. పోర్టల్ తయారు చేసినవాళ్లకు ఈ సంగతి ఎప్పుడైనా తట్టిందా అని నాకు అనుమానమే.

ఇంతకీ ఆ గేటు ఎందుకు పెట్టారు? విమాన సంస్థల అత్యాశ అనేసి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. మిగతా సగం భౌతికశాస్త్రంలో ఉంది. విమానంలో ఇంటర్నెట్‌ని పెద్ద ఎత్తున మొదట తెచ్చింది బోయింగ్. 2004 మేలో లుఫ్తాన్సా విమానం మ్యూనిక్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తూ 'కనెక్షన్ బై బోయింగ్' సేవను మొదలుపెట్టింది. ఖర్చు ఎక్కువ, వాడేవాళ్లు తక్కువ. 2006 చివరికల్లా మూసేశారు. రెండేళ్ల తర్వాత అమెరికాలో గోగో అనే సంస్థ చవకైన ఉపాయంతో వచ్చింది. నేల మీది సెల్ టవర్ల యాంటెన్నాలను ఆకాశం వైపు తిప్పి, విమానం కడుపు కింద రిసీవర్ పెట్టింది. మొదట్లో దాని గరిష్ఠ వేగం విమానం మొత్తానికి కలిపి సెకనుకు 3.1 మెగాబిట్లు. 150 మంది ఒకేసారి వాడితే మనిషికి వచ్చేది 20 కిలోబిట్లు. ఒకప్పుడు కీచుమంటూ కలిసే డయలప్ మోడెమ్ వేగంలో సగం కూడా కాదు. అందులో ఒక్కరు సినిమా పెట్టుకున్నా మిగతావాళ్ల మెయిల్ ఆగిపోతుంది. రుసుము, వీడియోల మీద నిషేధం, ఇవన్నీ ఉన్న కాస్త వేగాన్ని పంచుకునే లెక్కలోంచి పుట్టాయి.

సముద్రం మీద టవర్లుండవు. అక్కడ ఉపగ్రహమే దిక్కు. విమానం వీపు మీద చిన్న మూపురంలా కనిపించేది ఆ యాంటెన్నా మీది కప్పు. చాలాకాలంగా వాడుతున్న ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టు కనిపిస్తాయి. మన ప్రశ్న ఉపగ్రహానికి ఎక్కి, నేల మీది స్టేషన్‌కు దిగి, జవాబు మళ్లీ అదే దారిలో రావాలి. కాంతి వేగంతో లెక్కవేసినా రానూపోనూ అర సెకను కాస్త తక్కువగా పడుతుంది. మధ్యలోని యంత్రాల ఆలస్యం కలిపితే 0.6 సెకన్లు. ఒక వెబ్‌పేజీ తెరవాలంటే ఇలాంటి ప్రయాణాలు నాలుగైనా కావాలి: పేరుకు చిరునామా కనుక్కోవడం, సర్వర్‌తో పలకరింపు, తాళాలు మార్చుకోవడం, ఆ తర్వాత అసలు పేజీ. మొదటి అక్షరం కనబడేసరికి రెండు సెకన్లు దాటుతుంది. డబ్బు కట్టినవాళ్లు కూడా తిట్టుకునేది అందుకే.

మన దేశం ఈ వరుసలోకి ఆలస్యంగా వచ్చింది. 2018 డిసెంబరులో విమానాల్లో, ఓడల్లో నెట్ ఇవ్వడానికి నిబంధనలు వచ్చేదాకా విదేశీ విమానాలు సైతం భారత గగనతలంలోకి రాగానే వై-ఫై ఆపేసేవి. విమానం 3,000 మీటర్లు దాటాకే సేవ మొదలవ్వాలన్నది ఆ నిబంధనల్లో ఒకటి. 2020 సెప్టెంబరులో విస్తారా తన బోయింగ్ 787-9లో సేవ మొదలుపెట్టింది. 2025 జనవరి 1 నుంచి ఎయిర్ ఇండియా కొన్ని దేశీయ విమానాల్లోనూ ఇస్తోంది. ఇస్రో వాళ్ల జీశాట్-ఎన్2 ఉపగ్రహాన్ని 2024 నవంబరులో స్పేస్‌ఎక్స్ రాకెట్ మీద పంపారు. 4,700 కిలోల ఆ ఉపగ్రహం దేశాన్ని 32 కిరణాలుగా పంచుకుని, మొత్తం సెకనుకు 48 గిగాబిట్ల సామర్థ్యంతో పనిచేసేలా తయారైంది. దాని పనుల్లో విమానాలకు నెట్ అందించడం ఒకటి.

ఇక దొడ్డిదారుల సంగతి. అన్నిటికన్నా పాతది, తేలికైనది అడ్రస్ మార్చడం. ప్రతి వై-ఫై చిప్‌కీ 48 బిట్ల మ్యాక్ అడ్రస్ ఒకటుంటుంది. ఎవరు డబ్బు కట్టారో, ఎవరి ఉచిత పావుగంట అయిపోయిందో విమానం సర్వర్ చాలాచోట్ల గుర్తుపెట్టుకునేది ఈ అడ్రస్‌తోనే. అది మారితే వచ్చింది కొత్త మనిషనుకుంటుంది. ఒకప్పుడు దీనికి కొంత విద్య కావాల్సి వచ్చేది. ఆండ్రాయిడ్ 10తో 2019లో, ఐఓఎస్ 14తో 2020లో ఫోన్లే ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో దొంగ అడ్రస్ చూపించడం మొదలుపెట్టాయి. షాపింగ్ మాళ్లూ ప్రకటనల కంపెనీలూ మన వెంట పడకుండా తెచ్చిన రక్షణ అది. విమాన సంస్థలకు ఇబ్బంది కలగడం దాని పక్క ఫలితం. వాళ్లు దానికి విరుగుడుగా సీటు నంబరు, ఇంటిపేరు, మైలేజీ ఖాతా అడగడం మొదలుపెట్టారు.

ఇదే కిటుకుకి వికృతమైన రూపం ఒకటుంది: డబ్బు కట్టిన పక్క ప్రయాణికుడి అడ్రస్‌ని గాలిలోంచి పట్టి తనదిగా చూపించుకోవడం. దీన్ని తెలివి అనను, కొట్టేయడం అంటాను. ఒకే అడ్రస్‌తో రెండు ఫోన్లు ఉంటే ఒకరి జవాబులు ఇంకొకరి తలుపు తడతాయి, ఇద్దరికీ సరిగా పనిచేయదు. డబ్బు కట్టినవాడికి మిగిలేది అర్థంకాని చికాకు.

రెండోది పేరు అబద్ధం చెప్పడం. చాలా విమానాల్లో సందేశాలు ఉచితం, మిగతాది డబ్బుకి. వాట్సాప్‌లో అక్షరాలు వెళ్తాయి, ఫొటో మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. మన సందేశమంతా తాళం వేసి వెళ్తుంటే, అందులో ఉన్నది మాటో బొమ్మో విమానానికి ఎలా తెలిసింది? తెలియదు. తాళం వేయకముందు ఫోన్ ఒక పలకరింపు పంపుతుంది, అందులో తాను వెళ్లాల్సిన సర్వర్ పేరు బహిరంగంగా రాసి ఉంటుంది. వాట్సాప్ మాటలకు ఒక సర్వర్, ఫొటోలకు వేరే సర్వర్. మొదటి పేరుని వదిలి రెండోదాన్ని ఆపితే చాలు.

ఆ పేరుని మాత్రమే నమ్మే వడపోతను మోసం చేయడం కష్టం కాదు. పైన అనుమతి ఉన్న పేరు రాసి, లోపల వేరే చోటికి పోవచ్చు. 'డొమైన్ ఫ్రంటింగ్' అనే ఈ కుటుంబానికి చెందిన పద్ధతికి విమానాలకంటే పెద్ద చరిత్రే ఉంది. 2016 డిసెంబరులో ఈజిప్టు, ఎమిరేట్స్ దేశాలు సిగ్నల్ అనే సందేశాల యాప్‌ని ఆపినప్పుడు, ఆ యాప్ గూగుల్ పేరు చాటున తన సందేశాలను దాటించింది. 2018లో గూగుల్, అమెజాన్ రెండూ తమ సర్వర్లలో ఆ వీలు తీసేశాయి. ప్రభుత్వ నిషేధాన్ని దాటడానికి పుట్టిన సాధనం, సినిమా పాట వినడానికి విమానంలో పనికొచ్చిందన్నమాట. పేరుతోపాటు అవతలి సర్వర్ ఐపీ చిరునామాని కూడా సరిచూసే వడపోతల ముందు ఈ పప్పులు ఉడకవు.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మొబైల్ ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మన ఇళ్లలో ఒక ఒప్పందం ఉండేది. ఊరు చేరగానే మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఒక రింగైతే బస్సెక్కినట్టు, రెండైతే దిగినట్టు. ఎత్తకూడదు, ఎత్తితే డబ్బులు. కబురు చేరేది, బిల్లు పడేది కాదు. ఫోన్ కంపెనీ మాటలకు డబ్బు తీసుకునేది, మోగడానికి తీసుకునేది కాదు. ఆ మోతలోనే మనం మాట దాచాం. ఇంటర్నెట్‌లో ఆ మోత లాంటిది డీఎన్‌ఎస్.

డీఎన్‌ఎస్ అంటే వెబ్‌సైట్ పేరు చెబితే దాని అంకెల చిరునామా చెప్పే వ్యవస్థ. డబ్బు కట్టే పేజీ తెరవాలన్నా, బ్యాంకు పేజీకి వెళ్లాలన్నా ముందు ఇదే కావాలి. అందుకే చాలా పోర్టళ్లు డబ్బు కట్టకముందు కూడా దీన్ని తెరిచే ఉంచేవి. ఇప్పుడు నేల మీద మీకు సొంతంగా ఒక డొమైన్ పేరుందనుకోండి, దాని చిరునామాలు చెప్పే సర్వర్ కూడా మీదే అనుకోండి. ఆ డొమైన్‌కి ముందు ఏ పిచ్చి పేరు తగిలించి అడిగినా, విమానం సర్వర్ ఆ ప్రశ్నను బుద్ధిగా కిందికి పంపుతుంది. అది ఈ సర్వర్‌నీ ఆ సర్వర్‌నీ అడుగుతూ చివరికి మీ సర్వర్ దగ్గరికి చేరుతుంది. ఆ పిచ్చి పేరే మీ ఉత్తరం. మీ సర్వర్ దాన్ని విప్పి చదివి, జవాబులో తన ఉత్తరం పెట్టి పంపుతుంది.

'క్షేమం' అన్న మాట పంపాలనుకుందాం. కాగితం మీద రెండక్షరాలు. కంప్యూటర్ లెక్కలో క, పొల్లు, ష, ఏత్వం, మ, సున్న మొత్తం ఆరు గుర్తులు. తెలుగు గుర్తు ఒక్కోటి యూనికోడ్ పద్ధతిలో మూడు బైట్లు, అంటే 18 బైట్లు. ఆరక్షరాల ఇంగ్లీషు మాటైతే 6 బైట్లతో పోయేది. డీఎన్‌ఎస్ పేర్లలో వాడదగినవి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, ఒక అడ్డగీత. క్యాపిటల్, స్మాల్ తేడా లేదు. కాబట్టి ఒక్కో అక్షరంలో 5 బిట్లు దాచగలం. 18 బైట్లు, అంటే 144 బిట్లు, 29 అక్షరాల గజిబిజి పేరవుతాయి. చుక్కకీ చుక్కకీ మధ్య 63 అక్షరాలు దాటకూడదన్నది నియమం, కాబట్టి మన క్షేమం హాయిగా పడుతుంది.

మొత్తం పేరు 253 అక్షరాలు దాటకూడదు. అంటే ఒక ప్రశ్నలో పంపగలిగింది మహా అయితే 150 బైట్లు. 150 కిలోబైట్ల వాట్సాప్ ఫొటో పంపాలంటే వెయ్యి ప్రశ్నలు వేయాలి. పాత ఉపగ్రహం మీద ఒక్కో ప్రశ్నకు 0.6 సెకన్లు, ఒకదాని తర్వాత ఒకటి పంపితే పది నిమిషాలు. పక్కపక్కనే కొన్ని పంపి తొందర చేయొచ్చు గానీ వీడియో చూసే ఆశ మాత్రం వదులుకోవాల్సిందే.

2004లో డాన్ కామిన్‌స్కీ అనే భద్రతా పరిశోధకుడు ఓజీమాన్ డీఎన్‌ఎస్ అనే సాధనంతో ఇది చేసి చూపించాడు. 2006లో స్వీడన్ ప్రోగ్రామర్లు ఇద్దరు తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ పేరు అయోడిన్. డీఎన్‌ఎస్ వాడే పోర్టు నంబరు 53, అయోడిన్ మూలకం పరమాణు సంఖ్య కూడా 53. ఇలాంటి పేర్లు పెట్టేవాళ్ల మీద నాకు కొంచెం అభిమానం ఉంది, ఒప్పుకుంటాను.

ఇప్పుడీ దారి చాలా విమానాల్లో ఇరుకైంది. డబ్బు కట్టేదాకా తన జాబితాలోని పేర్లకే జవాబిచ్చే సర్వర్లు వచ్చాయి. ఒకే డొమైన్ మీద పొడుగాటి అర్థంలేని పేర్లు నిమిషానికి వందల్లో వస్తుంటే పసిగట్టడం పెద్ద విద్యేం కాదు. కంపెనీల నుంచి సమాచారం దొంగిలించే వైరస్‌లు కూడా ఇదే దారి వాడతాయి కాబట్టి, దీన్ని పట్టుకునే పరికరాలు మార్కెట్లో ఎప్పుడో వచ్చేశాయి.

దారులన్నీ మూసినా ఒకటి మిగిలే తీరుతుందని 2024లో ఒక ప్రోగ్రామర్ నవ్వు పుట్టించేలా నిరూపించాడు. విమాన సంస్థ సొంత సైట్ ఉచితం కదా, అందులో మైలేజీ ఖాతా ఉంటుంది, ఖాతాలో మన పేరు మార్చుకునే గడి ఉంటుంది. ఆకాశంలోంచి ఆయన ఆ గడిలో పేరుకు బదులు సందేశం రాస్తాడు. నేల మీద ఆయన కంప్యూటర్ అదే ఖాతాలోకి లాగినై ఉంటుంది. అది ఆ పేరు చదివి, అడిగిన వెబ్‌పేజీ తెచ్చి, ముక్కలు చేసి, మళ్లీ పేరు గడిలోనే పెడుతుంది. పైనున్న ల్యాప్‌టాప్ ఆ ముక్కల్ని కలుపుకుంటుంది. వేగం సెకనుకు కొన్ని బైట్లు. ఒక చిన్న పేజీ వచ్చేలోపు భోజనం ట్రే వచ్చి వెళ్లిపోతుంది. డబ్బు ఆదా చేయడం ఆయన ఉద్దేశం కాదని వేరే చెప్పక్కర్లేదు. ఇద్దరు రాయగలిగి, ఇద్దరు చదవగలిగిన చోటు ఎక్కడున్నా అదొక తీగే అని చూపించాడంతే.

మన రాకపోకలన్నిటికీ తాళం వేసి వేరే సర్వర్ మీదుగా పంపే వీపీఎన్ పెట్టుకుంటే ఇవన్నీ అక్కర్లేదు కదా అని చాలామంది అనుకుంటారు. కాదు. వీపీఎన్ కూడా ముందు బయటికి పోవాలి, గేటు దగ్గర అదీ అందరితోపాటే ఆగుతుంది. డబ్బు కట్టి లోపలికి వెళ్లాక, ఫలానా సైటు వద్దనే వడపోత నుంచి తప్పించుకోవడానికి మాత్రం పనికొస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, వై-ఫై నడిపేవాళ్ల కళ్లు పడకుండా కాపాడుతుంది.

ఆ కళ్ల సంగతి ఊరికే అనలేదు. 2015 జనవరిలో, గూగుల్ క్రోమ్ భద్రతా బృందంలోని ఇంజనీరు ఏడ్రియెన్ పోర్టర్ ఫెల్ట్ విమానంలో గోగో వై-ఫై మీద యూట్యూబ్ తెరిస్తే, సైటు అసలుదేననే రుజువుగా గూగుల్ ఇచ్చినట్టు కనిపించే సర్టిఫికెట్‌ని నిజానికి గోగోనే తయారు చేసుకుందని బయటపడింది. వీడియోలను అదుపు చేయడానికే అలా చేశామని, ప్రయాణికుల సమాచారం తీసుకోలేదని ఆ సంస్థ చెప్పుకుంది. వీడియో ఆపడానికి ఇంటికి మారుతాళం చేయించుకోవాలా? ప్రయాణికులు చేసే ఏ కక్కుర్తి కన్నా ఇది నాకు పెద్ద తప్పుగా తోస్తుంది. విమానంలో బ్రౌజర్ ఎర్రగా సర్టిఫికెట్ హెచ్చరిక చూపిస్తే దాటి వెళ్లొద్దని చెప్పేది ఇందుకే.

ఇంకో రకం ముప్పు తోటి ప్రయాణికుడి దగ్గర్నుంచే రావచ్చు. ఆస్ట్రేలియాలో 2024 ఏప్రిల్‌లో ఒక దేశీయ విమానంలో అనుమానాస్పద వై-ఫై పేరు కనబడిందని సిబ్బంది ఫిర్యాదు చేశారు. విమానం వై-ఫైలాగే కనిపించే నకిలీది సృష్టించి, ఉచితమని ఆశపడి వచ్చినవాళ్ల ఈమెయిల్, పాస్‌వర్డ్‌లు రాబట్టుకున్నాడని పెర్త్‌కి చెందిన ఒక వ్యక్తి మీద ఫెడరల్ పోలీసులు కేసు పెట్టారు. పోర్టల్ పేజీ ఏదైనా మెయిల్ పాస్‌వర్డో, ఫేస్‌బుక్ లాగినో అడిగితే ఫోన్ జేబులో పెట్టేయడం మంచిది.

చట్టం మాటకొస్తే, మన ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ అనుమతి లేకుండా నెట్‌వర్క్‌లోకి వెళ్లడాన్ని, తాను వాడుకున్న సేవని మోసంతో ఇంకొకరి ఖాతాలో రాయించడాన్ని తప్పుగా చూస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సొంత డొమైన్‌కి డీఎన్‌ఎస్ ప్రశ్న వేయడం ఇందులోకి వస్తుందా అని లాయర్లు వాదించుకోవచ్చు. పక్కవాడి అడ్రస్ కాజేయడం మీద వాదనకి తావు తక్కువ.

ఈ ఆటంతా ఇంకెన్నాళ్లో ఉండేలా లేదు. 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్టార్‌లింక్ లాంటి ఉపగ్రహాలకు కాంతి రానూపోనూ పట్టేది వెయ్యోవంతు సెకన్లలో ఏడెనిమిది. హవాయియన్ ఎయిర్‌లైన్స్ 2024 ఫిబ్రవరిలో, ఖతార్ ఎయిర్‌వేస్ అదే ఏడాది అక్టోబరులో స్టార్‌లింక్ నెట్‌ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాయి. డెల్టా అంతకుముందే, 2023లో, తన వై-ఫైని మైలేజీ ఖాతా ఉన్నవాళ్లకు ఉచితం చేసింది. కార్డు నంబరు అడిగే చోట ఇప్పుడు ఈమెయిల్, సభ్యత్వం అడుగుతున్నారు. వాటినీ ధర కిందే లెక్కేయాలి.

వేగం ఎంత పెరిగినా అమెరికా విమాన సంస్థలు చాలావరకు ఒక్కదాన్ని ఒప్పుకోవడం లేదు: ఫోన్‌లో పైకి మాట్లాడటం. వీడియో కాల్‌కి సరిపడా నెట్ ఉంది, లైను కలుస్తుంది కూడా. కానీ అమ్మమ్మ స్పీకర్‌లో పలకరించగానే క్యాబిన్ సిబ్బంది వచ్చి పెట్టేయమంటారు. దానికి మాత్రం ఏ అయోడినూ పనిచేయదు.